అత్తగారు అడిగిన అవకలనాలు

మొన్న మా చెల్లెలి కూతురు లెక్కల పుస్తకానికి ఎదురుగా సెల్‌ఫోన్ పట్టుకోగానే అందులోని ప్రశ్నకు అవకలనం, అదే డెరివేటివ్, దానంతటదే తెర మీదికి వచ్చేసింది. ముచ్చటపడి చూస్తూనే నేను తొంభైల నాటి కడియంలో, మా మొక్కల నర్సరీ షెడ్డులో, అత్తగారి పక్కన కూర్చున్న రోజుల్లోకి వెళ్లిపోయాను.

ఇంటర్‌లో లెక్కల పేపరు ఒక్కటే తప్పి, ఆ దిగులు తీరకముందే పెళ్లయి ఆ ఇంటికి వచ్చినదాన్ని. ఇక చదువు ముగిసినట్టేనని పుస్తకాలు పెట్టె అడుగున పడేశాను. అవి చూసి ఆరా తీసిన అత్తగారు, నాతో మళ్లీ పరీక్ష రాయిద్దామని మామగారితో అన్నారు. పెళ్లయ్యాక ఆ లెక్కలతో పనేంటని ఆయన విసుక్కుంటే, "మధ్యలో వదిలేసిన పని చూస్తే నాకు ముద్ద దిగదండి" అన్నారు.

ఐదో తరగతితో బడి మానేసిన ఆవిడ, ఘాతాల సూత్రం నాకు గుర్తుండడం లేదని తెలిసి, అదేమిటో తనకు చెప్పమన్నారు. ఎక్స్ నెత్తినున్న అంకెను కిందికి దించి ముందు రాయాలి, నెత్తిన ఒకటి తగ్గించాలి అని చెప్పాను. మర్నాటి నుంచి సంచుల్లో మట్టి నింపుతూ, గులాబీ అంట్లు కడుతూ, ఎక్స్ నెత్తిన ఐదు, ఎక్స్ నెత్తిన తొమ్మిది అంటూ ఆవిడ అడగడం, నేను అప్పజెప్పడం. ఒకరోజు ఉన్నట్టుండి, "ఎక్స్ లేకుండా ఉట్టి ఏడే ఉంటేనో?" అన్నారు.

"సున్నా అండి."

"అయ్యో, ఏడు ఏమైపోయిందమ్మా?"

అప్పటిదాకా బట్టీ పట్టినదాన్ని, ఆవిడకు చెప్పడం కోసం మొదటిసారి ఆలోచించాను. ఏదైనా ఎంత జోరుగా మారుతోందో చెప్పేదే ఈ లెక్క అనీ, ఏడు ఎప్పటికీ ఏడుగానే ఉంటుంది గనుక దాని మార్పు సున్నా అనీ చెబుతుంటే, ఆవిడకు ఎంత అర్థమైందో గానీ, లెక్కలంటే నాకున్న భయం ఆ పూటతో పోయింది.

పరీక్షకు రాజమండ్రి దాకా బస్సులో నాతో వచ్చి, అయ్యేవరకూ గేటు బయటే నిలబడ్డారు. ఫలితాలు వచ్చాక, మొక్కలకోసం వచ్చిన తెలుగురాని లారీ డ్రైవర్లకు కూడా, "మా కోడలు లెక్కలు పాసైందండి" అని చెప్పి మరీ టీ ఇచ్చారు. ఆ తరువాత డిగ్రీ చదివి, బడిలో లెక్కలే చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపాను.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటి పిల్లలు సందేహం వస్తే ఇంట్లో ఎవరినీ అడగనక్కరలేదు, మంచిదే. కాకపోతే, ఒకే ఇంట్లో ఎవరు ఏం చదువుతున్నారో రెండోవారికి తెలియకుండానే పరీక్షలు వచ్చి, వెళ్లిపోతున్నాయి.