నార కట్టిన మద్దిసెట్టు

"నువ్వు రాకే, ఈయేళ తేనీగలు మంచిగా లేవు, ఏటయ్యిందో సూసొస్తాను" అన్నాడు మా ఆయన. "మంచిగా లేవని నీకెవురు సెప్పేరు మావా, ఈగలా?" అన్నాను. నవ్వుకుంటూ కొండెక్కేడు. మా ఇద్దరికీ అవే ఆకరి మాటలు.

ఇప్పుడిదంతా ఎందుకు సెప్తన్నానంటే, మా కొండని పార్కు చేసేరు కదా, అక్కడి మొక్కలకీ పురుగులకీ బోర్డులు పెడతారంట, పాతోళ్లకి తెలిసింది రాసియ్యమన్నారంట. మా ఆడపడుచు మనవరాలు, ఎచ్చెర్లలో సదువుతన్న పిల్ల, కాయితం పట్టుకుని నా ముందు కూకుంది. అంత తియ్యగా అడిగేవోళ్లంటే నాకు మొదట్నించీ అనుమానమే, అయినా సెప్తన్నాను.

కాపరానికొచ్చిన కొత్తలో, వేసంగి వస్తే మాకు కొండే ఇల్లు. ఇస్తరాకులు కుట్టడానికి నేను అడ్డాకులు కోసేదాన్ని, తీగ కొస మాత్రం తుంపనిచ్చేవాడు కాదు మా ఆయన, మళ్లీ ఏడాదికి సాగాలి కదా అని. ఎర్రచీమలు ఆకులు కలిపి కట్టిన గూటి మీద సెయ్యి పడి నేను గెంతులేస్తంటే సెట్టుమీంచి నవ్వేవాడు. ఆయన పని తేనె. పెద్దీగలు పట్టు పెట్టిన మద్దిసెట్టుని ముందు సూసినోళ్లు, ఇది మాదని సెట్టు మొదలుకి అడ్డతీగ నార సుట్టి కట్టీవోరు. నారున్న సెట్టుని ఇంకొకరు ఎక్కరు, దాని కింద పొగెయ్యరు, ఇంట్లో గింజ లేకపోయినా సరే.

మా ఆయన పోయిన సెట్టుకి మా నారే ఉన్నాది. ఆయన్ని మోసుకురాడానికెళ్లినోళ్లు సెప్పేరు, ఆయన పొగకట్ట నడుంకే ఉన్నాదంట, అంటించనేలేదంట. మరి సెట్టుకింద కాలిన కట్ట ఎవురిది? ముందే ఎవురో పొగేసి పట్టు కోసుకుపోతే, రేగిపోయిన ఈగలు మా ఆయన మీద పడ్డాయి. ఆ వారమే మా ఆడపడుచు మొగుడు, నాకు అన్న వరస, ఆమదాలవలసలో తేనె అమ్మేడు. అడిగితే వేరే కొండదన్నాడు. దినాల్లో అందరికన్నా ఎక్కువ ఏడిసిందీ అతగాడే. అలా ఏడిసినోణ్ణి మళ్లీ ఏటని అడగను? ఇప్పుడు అతగాడూ లేడు.

నార కట్టేవోళ్లూ లేరు, నారకి జడిసేవోళ్లూ లేరు. కొండకి గేటు పెట్టేరు, గేటుకాడ కెమెరా పెట్టేరు, ఎవురెక్కేరో ఎవురు దిగేరో అన్నీ తెలుస్తాయంట. మా కొండకి మాకే టికెట్టా అని ఊరంతా తిట్టింది, నేనూ తిట్టేను. ఒక్కదాన్నీ కూకున్నప్పుడు మాత్రం, ఆ మాయదారి గేటేదో ఆనాడే ఉండుంటే బాగుణ్ణు అనిపిస్తాది.

ఏటే, కలం ఆపేసేవు? అతగాడు నీకు తాతని నాకు తెలీదా? ఆ మాట రాసేవా, దాటేసేవా? ఏదీ, మొదట్నించీ సదువు, ఇంటాను.