టక్కుమనని లెన్సు

ఫొటో స్టూడియో పెద్దాయన తన పాత ఫిల్ము కెమెరాకు లెన్సును చెవితో బిగిస్తాడు. తిప్పితే టక్కుమనాలి. ఫోకసుకు మాత్రం కన్నే దిక్కు. లెన్సు మీది ఆ ఫోకసు రింగును ఎవరినీ ముట్టనివ్వడు. చూపు మసకేసిందని ఇంట్లో కూడా చెప్పలేదు. ఆరోజు చెల్లెలి కుటుంబానికి ఫొటో తీయబోతే, ఎంత తిప్పినా లెన్సు టక్కుమనలేదు. "ఏం బావా, లెన్సు అలిగిందా?" అన్నాడు చెల్లెలి భర్త. అది వేరే కంపెనీ లెన్సని, ఈ కెమెరాకు ఎక్కదని పెద్దాయన భార్య గమనించింది. "తుడుస్తూ నేనే మార్చి పెట్టానండీ," అంటూ సరైనది అందించింది. ఆమె లెన్సుల బీరువా జోలికే పోదని ఆయనకు తెలుసు. ఈసారి టక్కుమంది. స్టాండు మీది కెమెరాకు కన్ను ఆనించి, కాసేపు రింగు తిప్పి, పక్కకు జరిగి భార్యను పిలిచాడు.

"నువ్వు తిప్పు. మా బావ మీసం స్పష్టంగా కనబడాలి."

ఆమె నెమ్మదిగా తిప్పింది. "కనబడింది. రెండు తెల్లవెంట్రుకలు రంగు తప్పించుకున్నాయి."

ఆయన నవ్వుతూ మీట నొక్కాడు.