రబియా మణికట్టు మీది వెనిలా

వెయ్యిన్నొక్క అబద్ధాల మధ్య ఇదొక్కటి నిజం: 1986 ఎండాకాలంలో చిట్యాల నుంచి వచ్చిన బస్సు నల్గొండ బస్టాండులో ఆగితే, ఒక్క ప్రయాణికుడూ దిగలేదు. కారణం ఒక అమ్మాయి మణికట్టు!

సరే, ఒక్కరూ దిగలేదనడం ఎక్కువే. డ్రైవరు దిగాడు. ముందు సీట్ల వాళ్లు కూడా దిగే ఉంటారు. కానీ ఆ అమ్మాయి దిగేదాకా వెనక సీట్లలో ఆడవాళ్లు కూర్చునే ఉన్నారు, ముక్కులు ఎగబీలుస్తూ! అబద్ధం పాపమని మా కాన్వెంటు సిస్టర్లు నేర్పారు. నిజంలో ఎంత కలిపితే అబద్ధమవుతుందో మాత్రం చెప్పలేదు.

నా గడియారాల కొట్టు పక్కనే నూరుద్దీన్ అత్తరు దుకాణం. వాసనలతో బతికే మనిషికి పెళ్లే కుదరడం లేదు. దగ్గరికి వెళితే మల్లె, గులాబీ, కస్తూరి అన్నీ ఒకేసారి మీద పడేవి. పిల్లనిచ్చేవాళ్లు దండం పెట్టి పారిపోయేవారు. చివరికి చిట్యాలలో గాజులమ్మే బషీరున్నీసా, తన కూతురు రబియాను చూడ్డానికి రమ్మంది. ఈ సంబంధమూ పోతే ఇక పెళ్లి మాటే ఎత్తనని నూరుద్దీన్ ఒట్టు పెట్టుకున్నాడు.

ఎవరూ చేయని అత్తరు పట్టుకెళ్లాలని వెనిలాను చందనపు నూనెలో నానబెట్టాడు. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ అత్తర్లవాళ్లు తరతరాలుగా చేసే పనే చేశాడు: దూదిని అత్తరులో ముంచి పెద్దల చేతికిచ్చాడు. వాళ్లు చెవిలో పెట్టుకున్నారు.

బషీరున్నీసా అరిచింది: "ఏంది మియా, గిది అత్తరా, ఐస్‌క్రీమా? నా చెవి కాడ ఈగలు ముసురుతున్నయ్!"

ఇల్లంతా నవ్వు. నూరుద్దీన్ మొహం మాడిపోయింది.

"సీసా తీస్కపో బిడ్డా. పిల్లనిస్తే మా ఇంట్ల చీమలు పెరుగుతయ్."

సీసా తెచ్చి ఇచ్చింది రబియానే. మూత వదులుగా ఉందేమో, నూనె ఆమె మణికట్టు మీదికి జారింది. ఆమె దాన్ని చున్నీతో తుడుచుకుంది. నూరుద్దీన్ సీసా జేబులో వేసుకుని తిరుగు బస్సెక్కాడు.

మరునాడు ఆ బస్సు వచ్చింది! దిగింది రబియా, వెనక తల్లి, వాళ్ల వెనక ముక్కులు పైకెత్తిన ఆడవాళ్ల గుంపు. నేరుగా దుకాణానికే!

"ఏం మందు పోసినవ్ మియా?" బషీరున్నీసా గుమ్మంలోనే నిలదీసింది. "సబ్బు పెట్టి కడిగినా పోతలేదు. రొట్టెలు కాలుస్తాంటే చెయ్యి వేడెక్కింది, అంతే! ఇంటిల్లిపాది వంటింట్లనే కూసున్నరు."

నాకూ ఆ వాసన తగిలింది. నిన్నటి ఐస్‌క్రీము ఎక్కడా లేదు! ముందు పాలకోవా కళాయి అడుగు, వెనక కొత్త బెల్లం, ఆ వెనక ఎండలో ఆరిన దుప్పటిలోని వెచ్చదనం. కళ్లు మూసుకుని ఇంకా దగ్గరికి వంగాలనిపించే వాసన. నేను మర్యాదస్తుణ్ణి కనుక వంగలేదు. వంగబోయాను, అంతే.

రబియా చెయ్యి చాపింది. "దూదిల పెడితే మిఠాయి. గిది ఒంటి మీద పెట్టాలె. అత్తర్లమ్మెటోనికి గంత తెల్వదా?"

నూరుద్దీన్ తల వంచి వాసన చూశాడు. తల ఎత్తేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"గిది... నేను చేసింది సగమే."

"మిగిలిన సగం?"

"నీ ఒంటిదే."

"సాల్ సాల్!" బషీరున్నీసా మధ్యలోకొచ్చింది. "తల్లి ఈడనే ఉన్నది. నిశ్చయం ఎప్పుడు పెట్టుకుందమో జెప్పు."

మొన్న ఇది రాసి నూరుద్దీన్‌కు చదివి వినిపించాను. అద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"అంతా ఝూట్, దశరథం సాబ్. నేను పిల్లను చూడనీకి చిట్యాలకే పోలే. సంబంధం మా మామ కుదిర్చిండు. ఏ వాసనా పడదు రబియాకు, తుమ్ములొస్తయ్. గా వెనిలా అనేది నా దుకాణంల ఎన్నడూ లేదు."