వాత లేని పొట్ట

మరిడమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నా వల్ల కాదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నా పొట్ట మీద ఆవిడ పెట్టిన వాతలు మాత్రం ఇంకా ఉన్నాయి.

రాజమండ్రిలో రైలు వంతెన కడుతున్న రోజులవి. యానాం దగ్గర గోదావరి ఒడ్డున మా జాలర్ల పేట. కాలవలు వచ్చి రైతుల పొలాలు పచ్చబడ్డాయి. మాకు మాత్రం నిలవ నీళ్లూ, ఇంటింటా చలిజ్వరమూ మిగిలాయి. జ్వరం వస్తూ పోతూ ఉండే పిల్లలకు కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి పొట్ట ముందుకొచ్చేది. ఎడమ డొక్కలో ఏదో గడ్డలాంటిది గట్టిగా చేతికి తగిలేది. దాన్ని బల్ల అనేవాళ్లం.

బల్లకు వైద్యం మరిడమ్మదే. పిల్లవాణ్ణి పడుకోబెట్టి, డొక్క నొక్కి, "బల్లే" అని తేల్చేది. ఎర్రగా కాల్చిన ఇనపచువ్వ అక్కడ ఆనించేది. మెడ కింద వాచి బిళ్లలు కట్టినా అదే చువ్వ. పిల్లలు గింజుకోకుండా తల్లుల్నే కాళ్లు పట్టుకోమనేది. వాళ్లు ఏడిస్తే, "పట్టుకోవడం చేతకానిదానివి ఎందుకు కన్నావే?" అని తిట్టేది. పేటలో ఆవిడంటే ఇష్టమున్నవాళ్లు లేరు. వైద్యం వద్దన్నవాళ్లూ లేరు.

నా వాతలు మానాయి. తమ్ముడు సత్తియ్యకు మానలేదు. చీము పట్టింది, జ్వరం తగ్గలేదు, వాడు పోయాడు. "ముదరబెట్టి తెచ్చావు" అంది మరిడమ్మ. అమ్మ ఆ మాట నమ్మి, తప్పంతా తనదేనని తల బాదుకునేది.

మరుసటి ఏడు మరిడమ్మ మనవరాలు లోవలక్ష్మికి బల్ల వచ్చింది. తల్లి లేని పిల్ల. అయినా మాకెవరికీ జాలి కలగలేదు. ఆ ఇంట్లోంచి కేక ఎప్పుడు వినబడుతుందా అని పేటంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది. కేక వినబడలేదు. ఓ పొద్దున చూస్తే తలుపుకి గొళ్లెం పెట్టి ఉంది.

సంగతి పడవ నడిపే పోతురాజు బయటపెట్టాడు. ముసలిది పిల్లను రాజమండ్రి మిషను ఆసుపత్రికి తీసుకుపోయిందట. అక్కడి డాక్టరు దొరసాని డొక్క నొక్కి, కనురెప్ప లాగి చూసి, మెడలోనూ చంకల్లోనూ బిళ్లలున్నాయేమోనని తడిమిందట. జ్వరం ఎలా వస్తోందో అడిగిందట. బల్ల వేరే రోగం కాదు, ఈ జ్వరం వల్లే వచ్చిన వాపు, జ్వరం పోతే అదీ కరుగుతుందని చెప్పి, కొయినా అనే చేదు జ్వరమందు ఇచ్చిందట.

లోవలక్ష్మి బుగ్గలు నిండి తిరిగొచ్చింది. రేవులో నీళ్లు పోసుకుంటుంటే ఆడవాళ్లంతా పనులాపి ఆ నున్నటి పొట్టకేసి చూశారు. పేట పిల్లల్లో వాత లేని పొట్ట అదొక్కటే.

అమ్మ నా రెక్క పట్టుకుని తిన్నగా మరిడమ్మ వాకిట్లోకి నడిచింది.

"అయితే చువ్వతో తగ్గదని నీకు ముందే తెలుసన్నమాట."

"తెలీదే. గోదారి తల్లి మీద ఒట్టు." మరిడమ్మ తల దించుకుంది. ఆవిడ అలా దించుకోవడం నేనెన్నడూ చూడలేదు. "చువ్వ కాల్చాను కూడా. పిల్ల నాకేసి చూసింది. చేతులు ఆడలేదు."

అమ్మ గొంతు పెంచలేదు.

"మా సత్తియ్య కూడా నీకేసి చూశాడత్తా. నువ్వు చెబితే, వాడి కాళ్లు నేనే పట్టుకున్నాను."