నెల రోజులకని మా గరాజుకొచ్చిన రేసు ట్రాక్

మా చిన్నప్పుడు తాటిబుర్రలకి పుల్ల గుచ్చి, పంగలకర్రతో బండి తోలేవాళ్ళం... ట్రాక్ ఎక్కడ దాచాలన్న బాధ మాకు లేదు. ఊరి దారే ట్రాకు. చీకటి పడితే మేం ఇంటికి పోయేవాళ్ళం, అది అక్కడే పడుకునేది.

మా అమ్మాయి సిరి చిన్నప్పుడు మాత్రం... ఆ ట్రాక్ పేరెత్తితే ఇప్పటికీ నా నడుం పట్టేస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం న్యూజిలాండ్ వచ్చి ఆక్లండ్ పక్కన పాపకూర అనే ఊళ్ళో సెటిల్ అయ్యాం. శనివారాలు తెలుగు పిల్లలందర్నీ ఒక హాల్లో చేర్చి ఆడించేవాళ్ళం. వాళ్ళు బడిలో చూసొచ్చి, చెక్క కార్ల రేసు పెట్టమన్నారు. ఇంజను ఉండదు... చెక్క దిమ్మని కారులా చెక్కి, చక్రాలు బిగించి, ఏటవాలు ట్రాక్ మీద పైనుంచి వదలడమే. రంగులేయడం పిల్లల పని, చెక్కడం నాన్నల పని. వేళ్ళకి ప్లాస్టర్లు కూడా నాన్నలకే.

ట్రాక్ ఎలాంటిది చేయించాలని మీటింగ్ పెట్టారు. నేను చెప్పింది ఒకటే... కారు డిక్కీలో పట్టేలా చిన్న ముక్కలుగా చేయిద్దాం, ఆడేటప్పుడు బిగించుకుందాం అని. మా అందరికీ పెద్దదిక్కు ప్రసాద్ గారు. గుంటూరు మనిషి, ఐటీలో పెద్ద ఉద్యోగం. అతుకులు ఎక్కువైతే కార్లు ఎగిరి పడతాయన్నారు.

"రోడ్డేసేవాడు మడత పెట్టుకు పోదామని వేస్తాడాండీ?" అన్నారు.

అందరూ నవ్వారు. అందరూ నవ్వాక ఇంక మీటింగ్ అయిపోయినట్టే.

అలా రెండే ముక్కలు, ఒక్కోటి రెండు మంచాలంత పొడుగు. మూడు లైన్లు. చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసే నున్నటి పలక... చేత్తో తడిమితే జారిపోయేది. ఉప్మాలో జీడిపప్పు వెయ్యాలా వద్దా అనేదాకా చర్చ జరిగింది గానీ, దీన్ని ఎక్కడ పెట్టాలని మాత్రం ఎవరూ అడగలేదు.

తయారై వచ్చిన రోజు తెలిసింది. ఒకాయన గరాజులో అద్దెకున్న కుర్రాళ్ళు. ఇంకొకాయన దాంట్లో పూజ గది. ప్రసాద్ గారి దాంట్లో బియ్యం బస్తాలు, అత్తగారి సూట్‌కేసులు. తలుపు తీసున్న మా గరాజు చూసి, "మీది ఖాళీయే కదండీ, ఒక్క నెల రోజులుంచండి. ఈలోగా చూద్దాం" అన్నారాయన.

ఖాళీ అన్నమాట నిజమే. మా ఆవిడ విజయ కారేసుకుని డ్యూటీకి వెళ్ళింది మరి.

విజయ ముసలివాళ్ళ హోమ్‌లో పని చేస్తుంది. తెల్లారకుండానే బయల్దేరాలి. ఆ సాయంత్రం వచ్చి, లోపల ట్రాక్ చూసి, రివర్స్ గేరేసింది. ఆవిడ అన్నవన్నీ మర్చిపోయాను గానీ, ఆ రివర్స్ గేరు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది.

మొదటి రేసు రోజున కొత్త బండికి చేసినట్టే పూజ చేశాం. ఆ బుల్లి కార్ల చక్రాల కింద నిమ్మకాయ పెడితే కారు కంటే కాయే పెద్దగా ఉంది. ట్రాక్‌కి పసుపు కుంకుమ పెట్టి, ప్రసాద్ గారు దాని అంచు మీదే కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు మూడో లైనులో జర్రున జారి కిందిదాకా పోయాయి. ఫస్ట్ ప్రైజ్ కొబ్బరినీళ్ళకే అని నవ్వుకున్నాం.

మర్నాటికి మూడో లైను బూరెలా పొంగింది.

ఆ పలకకి తడి పడదట... అప్పుడు తెలిసింది. ఇంక షెడ్డులోనో, పట్టా కప్పి పెరట్లోనో పెట్టే వీల్లేదు. ఈ వానల ఊళ్ళో పొడిగా, ఖాళీగా ఉన్న చోటు మా గరాజొక్కటే. నెల రోజులు కాస్తా ఏళ్ళయ్యాయి.

చలికాలం వస్తే విజయ కారద్దం మీద మంచు గీక్కుంటూ, "ఆయనకి ఫోన్ చేశారా?" అనేది. చేసేవాణ్ణి. "చూస్తున్నానండీ" అనేవారాయన. అంత శ్రద్ధగా చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒక ఏడాది చీటీ తీస్తే సిరికి మూడో లైనొచ్చింది. గులాబీ రంగేసిన దాని కారు ఆ పొంగు దగ్గర ఎగిరి కింద పడింది. పిల్ల ఏడవలేదు... ఇంటికొచ్చి గరాజులో దూరింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. తల్లీకూతుళ్ళిద్దరూ పీటలేసుకుని మూడో లైను గరుకు కాయితంతో రుద్దుతున్నారు. విజయ ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది. ట్రాక్‌నీ, ప్రసాద్ గారినీ, పనిలో పనిగా నన్నూ తిడుతూనే రుద్దుతోంది.

తర్వాత పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, రేసులు ఆగిపోయాయి. ప్రసాద్ గారు క్రైస్ట్‌చర్చ్ మారిపోయారు, ట్రాక్ మారలేదు.

మొన్నామధ్య ఒక స్కూలు వాళ్ళు ఆ ట్రాక్ తీసుకుంటామన్నారు. ఇన్నాళ్ళకి విజయ కారు లోపలికెళ్తుందని, వాళ్ళు రాకముందే పక్కింటాయన సాయంతో వాకిట్లోకి లాగి, గరాజు ఊడ్చి ఉంచాను. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది. కారు దిగి, ఖాళీ గరాజు కేసి చూసింది... మూడో లైను మీద ఒకసారి వేలు రాసింది.

"వానొచ్చేలా ఉంది. ముందు దాన్ని లోపల పెట్టండి."

"మరి స్కూలు వాళ్ళకేం చెప్పను?"

"ఇంకోటి చేయించుకోమనండి. చిన్న ముక్కలుగా."

నా మాట నెగ్గడానికి ఇన్నేళ్ళు పట్టింది... అదీ వేరేవాళ్ళ ట్రాక్ విషయంలో.

ఇప్పుడు సిరికీ కారుంది. అదీ బయటే. ఊరి దారి రాత్రంతా మంచులో పడుకుంటే మేం ఇంట్లో వెచ్చగా ఉన్న రోజులు పోయాయి... ఇప్పుడు ట్రాక్ లోపల వెచ్చగా ఉంటుంది, మేం బయట మంచు గీక్కుంటాం.

మీ ఇంట్లోనూ నెల రోజులకని వచ్చి ఉండిపోయినవి ఉంటే చెప్పండి... అద్దం మీద మంచు కరిగేదాకా చదువుకుంటా.