మస్తాన్ తాతగారు ఇంజిన్ నడిపారా, లేదా?

స్టవ్వు మంట ఎర్రగా వచ్చి గిన్నెకి మసి పట్టిందంటే, మా చిన్నప్పుడు ఏలూరులో మా వీధివాళ్ళందరం దాన్ని పట్టుకుని మస్తాన్ తాతగారి కొట్టుకే వెళ్ళేవాళ్ళం...

స్టవ్వు విప్పుతూ ఆయన రైలు కథలు చెప్పేవారు. బొగ్గు ఇంజిన్ నడిపేవారట. ఓ వానాకాలం కొల్లేరు పొంగి పట్టాల మీద నీళ్ళు పారుతుంటే, నడిచినంత మెల్లగా బండిని ఒడ్డుకి చేర్చారట... పిల్లలం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

నా నేస్తం సుజాత వాళ్ళ మావయ్య తాడేపల్లిగూడెం స్టేషన్లో పనిచేసేవాడు. ఆయన అన్నాడట, "డ్రైవర్‌గా చేసినవాళ్ళకి రైల్లో ఊరికే తిరగడానికి పాసుంటుంది. మీ తాతగారు ఎప్పుడైనా రైలెక్కగా చూశారా?" అని.

చూడలేదు... అంతే, మాకు అనుమానం పట్టుకుంది. కథ విన్నప్పుడల్లా ఎక్కడ తడబడతారా అని చూడడం మొదలెట్టాం. మొన్న రెండు పెట్టెలన్నారు, ఇవాళ నాలుగంటున్నారేంటి... అనుకుంటూ.

ఆ వేసవిలో మా వీధివాళ్ళం బస్సు మాట్లాడుకుని విశాఖపట్నం వెళ్ళాం. తాతగారూ వచ్చారు. దారిలో ఓ చోట రెండు పాత బొగ్గు ఇంజిన్లకి రంగులేసి నిలబెట్టారని బస్సు ఆపారు. అరగంటే టైము.

అందరూ దిగారు. తాతగారు దిగలేదు.

"మోకాళ్ళ నొప్పమ్మా... మీరు చూసి రండి," అన్నారు.

సుజాత నన్ను మోచేత్తో పొడిచింది. "చూశావా... లోపల ఏది ఏమిటో అడుగుతామని భయం."

నేను ఊరుకోలేదు. తాతగారి చెయ్యి పట్టుకుని దించాను. ఇంజిన్ మెట్లెక్కేటప్పుడు ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి... నా అనుమానం ఇంకా పెరిగింది. సుజాత కిందే నిలబడింది.

పైకెక్కాక ఆయన డ్రైవర్ చోటు వైపే చూడలేదు. వంగి, బొగ్గు వేసే కొలిమి తలుపు అంచు చుట్టూ వేళ్ళతో తడిమారు.

"డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడండీ తాతగారూ?"

చూపించారు.

"మీరు అక్కడే కూర్చునేవారా?"

ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశారు. "లేదమ్మా. నేను షెడ్డులో క్లీనర్ని. మంట ఆర్పేశాక ఈ తలుపులోంచి లోపలికి దూరి బూడిద గీకేవాణ్ణి. సన్నగా ఉండేవాణ్ణిలే అప్పుడు."

"మరి నడిపానన్నారు కదా..."

"ఒక్కసారి. డ్రైవర్ గారు ఇంజిన్ని కదిలించే ఈ పిడి నా చేతికిచ్చారు. షెడ్డు దగ్గర్నుంచి నీళ్ళు పట్టే గొట్టం దాకా. అంతే."

ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. దొంగని పట్టుకున్నానన్న సంతోషం వస్తుందనుకున్నాను... రాలేదు.

కిందికి దిగగానే సుజాత, "ఏమైందే?" అంది.

"నడిపారు. ఏ పిడో చూపించారు కూడా," అన్నాను. నా వెనకాలే దిగుతున్న తాతగారు విన్నారు.

బస్సు కదిలాక సుజాతే ముందు సీట్లోకి వెళ్ళి కొల్లేరు కథ చెప్పమంది. తాతగారు నా వైపు ఓసారి చూసి, "గొంతు బాగోలేదమ్మా," అన్నారు.

ఊరొచ్చాక కూడా అంతే. నేను కొట్టు దగ్గరుంటే ఆయన తలెత్తకుండా స్టవ్వు పని చూసుకునేవారు. ఎవరికీ చెప్పలేదు కదా, నా మీద కోపమెందుకని చాలా రోజులు బాధపడ్డాను. ఓసారి నాకు జ్వరమొచ్చి ఇంట్లో ఉంటే సుజాత వచ్చి, "ఇవాళ తాతగారు కొత్త కథ చెప్పారే," అంది. అప్పుడు అర్థమైంది... నిజం తెలిసిన నేను ఎదురుగా లేకపోతేనే ఆయన కథ చెప్పగలరని.

ఇక అక్కడికి వెళ్ళడం మానేశాను. కథలు మాత్రం వదల్లేదు... సాయంత్రం సుజాత వచ్చి అరుగు మీద కూర్చుని చెబుతుంటే, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా వినేదాన్ని.

ఇప్పుడు ఎవరేం చెప్పినా, మాట పూర్తవకుండానే ఫోన్ తీసి నిజమో కాదో తేల్చేస్తున్నాం... నేనూ అంతే. మీ వీధిలో అలా కథలు చెప్పినవాళ్ళెవరండీ? నిజమో కాదో పక్కన పెట్టి ఒకటి చెప్పండి... వింటాను.