రూతమ్మగారు గట్టిగా చేసిన ప్రార్థన

పంజాగుట్టలో నేనుండే ఫ్లాటుకి కింది అంతస్తులో శుక్రవారం సాయంత్రాలు స్త్రీల కూడిక జరుగుతుంది. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పే వేళకి పాటలు అయిపోయి, అందరూ ఒకేసారి ఎవరి ప్రార్థన వాళ్లు పైకి చెప్పుకుంటూ ఉంటారు. మాటలు విడివిడిగా తెలియవు. తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు ఒక రొద మాత్రం బాత్‌రూమ్ కిటికీలోంచి పైకి వస్తుంది. ఎప్పుడైనా ఒక గొంతు మిగతావాటిని దాటి లేస్తుంది. "ప్రభువా, ఆ కుటుంబాన్ని..." అని ఒక ముక్క వినబడుతుంది. వెంటనే నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పేస్తాను. ఆ కుటుంబం ఎవరిదో నాకు తెలియకూడదు. వాళ్లు నన్నూ రమ్మని పిలిచారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. పొగరనుకుని ఉంటారు. వాళ్లకి రూతమ్మగారు తెలియదు మరి.

అమీర్‌పేటకి నేను సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చానని అప్పట్లో అందరితో చెప్పాను. అది సగమే నిజం. మా అన్నయ్యకి తన ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో మనసు చెదిరింది. గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని తలుపులు బిగించుకునేవాడు. తిండి మానేశాడు. చివరికి ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేర్చాం. నాన్న అప్పటికే లేరు. గోదావరి జిల్లాలో అమ్మ టీచరుగా చేసేది, ఆ ఉద్యోగమే మాకు ఆధారం. అందుకని అన్నయ్యకి దగ్గరగా నేనుండాలని అనుకున్నాం. ఉదయం క్లాసు, మధ్యాహ్నం షేర్ ఆటోలో ఎర్రగడ్డ. ఎక్కడికని హాస్టల్లో ఎవరైనా అడిగితే రైతు బజారుకని చెప్పి, వచ్చేటప్పుడు జామకాయలు కొనుక్కొచ్చేదాన్ని. అన్నయ్యని అడిగాకే ఇది రాస్తున్నాను. "రాసుకో, పేరు పెట్టకు" అన్నాడు.

హాస్టల్ నడిపే విజయమ్మగారు వెళ్లే చర్చికే నేనూ వెళ్లేదాన్ని. రూతమ్మగారిని అక్కడే చూశాను. నిజానికి చూడటం కంటే ముందు విన్నాను. ఆమె పాడితే మైకు అక్కర్లేదు, ప్రార్థన చేస్తే వీధిలో ఆటోవాళ్లకి కూడా వినపడేది. ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. వెనకాలే క్వార్టర్స్‌లో ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో పెళ్లి, అన్నీ ఆమెకే ముందు తెలిసేవి. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది.

"ఏం బిడ్డా, ఒక్కదానివే వచ్చినవా? తిన్నవా?"

"తిన్నానండీ."

"ఏడ తిన్నవ్, మొహం చూస్తె తెలుస్తలేదా? నడువ్, పప్పుచారు చేసిన."

ఆ తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరే నా భోజనం. ఆ ఊళ్లో నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే కాబోలు, ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ అన్నయ్య సంగతంతా చెప్పేశాను. ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వింది. "ఎవరికీ చెప్పకండి ఆంటీ" అన్నాను. "నేనెవ్వరికి చెప్త బిడ్డా? దేవునికి తప్ప" అంది.

దేవునికే చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక తన ఇంట్లో జరిగే ఉపవాస ప్రార్థనలో, గదినిండా ఆడవాళ్లు కూర్చుని ఉండగా చెప్పింది. అప్పటికి నేను ఎర్రగడ్డ నుంచి తిరిగి రాలేదు. అన్నయ్య పేరు, ఆసుపత్రి, వాడి కోసం ఒంటరిగా తిరుగుతున్న చెల్లెలు, ఏదీ వదలకుండా కన్నీళ్లతో ప్రార్థించిందట. అందరూ ఏడ్చారట.

ఆ వారం తిరిగేలోగా హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి పరుపు చుట్టుకుని వేరే గదికి మారింది. కారణం చెప్పలేదు, నా కళ్లలోకీ చూడలేదు. చర్చి గేటు దగ్గర ఒకావిడ నా చెయ్యి నొక్కి, "మీ అన్నయ్య కోసం ప్రార్థిస్తున్నామమ్మా. ఇది మీ వంశంలో ఉందా?" అని అడిగింది. తర్వాత విజయమ్మగారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు.

"ఏమీ అనుకోకమ్మా. ఆడపిల్లలుండే చోటు. మీ అన్నయ్య బయటికొచ్చి నిన్ను వెతుక్కుంటూ ఇక్కడికొస్తే ఆ పిల్లల తల్లిదండ్రులకి నేనేం సమాధానం చెప్పాలి? నెలాఖరుకి ఇంకో చోటు చూసుకో."

"మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. రూతమ్మగారు ప్రార్థన చేస్తుంటే విన్నాం."

మా అన్నయ్య తన గురించి గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నారని భయపడేవాడు. అది జబ్బు అని డాక్టర్లు మాకు చెప్పారు. ఆ సాయంత్రం అమీర్‌పేట రోడ్డు మీద, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతుల్లో కుక్కుతున్న జనం మధ్య నడుస్తూ, నిజంగానే అందరూ వాడి గురించే మాట్లాడుకుంటున్నారని నాకు అనిపించింది. చర్చికి వెళ్లడం మానేశాను.

నేను సామాను సర్దుకుంటున్న రోజున రూతమ్మగారు హాస్టల్ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"ఎందుకు వస్తలేవు బిడ్డా?"

"నేను మీ ఒక్కరికే చెప్పానండీ" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. "నేను ప్రార్థనల..." అని ఆగిపోయింది. మంచికోసమే చేశానంటుందనుకున్నాను. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను, అంటే గట్టిగా అడుగుదామని. ఆమె అనలేదు. ఖాళీ అయిన పక్క మంచం వంక చూసింది.

"నేనే చెప్పిన. దేవుని పేరు పెట్టి అందరికి చెప్పిన. నేను ఏడుస్తుంటె వాళ్లు సుత ఏడ్సిన్రు. అది నాకు మంచిగనిపించింది బిడ్డా. తప్పు నాది. నన్ను క్షమించు."

నేను బట్టలు సంచిలో కుక్కుతూ ఉండిపోయాను. క్షమించానని అనాలని నాకు లేదు. ఆమె లేచి నా సంచి ఒకటి భుజానికి తగిలించుకుంది. "ఇప్పుడే చెప్పకు. అనిపించినప్పుడే చెప్పు. అనిపియ్యకుంటె చెప్పకు. నా ఇంట్ల ఒక రూం ఖాళీగుంది. నామీద కోపంతోనే ఉండు, ఏం ఫికర్ లేదు."

నిజంగా కోపంతోనే వెళ్లాను, వేరే దిక్కులేక.

ఆ ఆదివారం ఆమె వెంట నేనూ చర్చికి వెళ్లాను. ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో రూతమ్మగారు లేచి నిలబడింది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం అంతవరకు ఎవరూ వినలేదు. "ఒక బిడ్డ నన్ను నమ్మి చెప్పిన మాట నేను ప్రార్థన అని చెప్పి మీ అందరి చెవులల్ల వేసిన. ఆ బిడ్డకు నష్టమైంది. గట్ల ఇంతకుముందు సుత మస్తుసార్లు చేసిన. మీల ఎవ్వరిదైనా మాట నా నోటి నుంచి బయటికి పోయుంటె నన్ను క్షమించున్రి. నా దగ్గర విన్నది ఇంకొకరికి చెప్పకున్రి." అంతే చెప్పి కూర్చుంది. నాలుక గురించి పాస్టరుగారు వాక్యం చదివినప్పుడల్లా ఆమెన్ అనే ఆ హాల్లో అప్పుడు ఒక్కరూ ఆమెన్ అనలేదు. విన్నవాటిని మోసుకెళ్లినవాళ్లు కూడా అక్కడే కూర్చున్నారు. తమను నలుగురిలో నిలబెట్టిందని వాళ్లకి కష్టం కలిగింది.

తర్వాతి శుక్రవారం సాయంత్రం నేను ఎర్రగడ్డ నుంచి వచ్చేసరికి ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. పెద్ద గిన్నెలో చాయ్ మరిగి మీగడ కట్టి ఉంది. రూతమ్మగారు గోడకి ఆనుకుని, చీర కొంగు తలమీద వేసుకుని ఒక్కతే కూర్చుని ఉంది. కూడిక వేరే వాళ్లింటికి మారిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"చాయ్ ఎక్కువైంది బిడ్డా" అంది నన్ను చూసి.

ఇద్దరం గ్లాసులు పట్టుకుని ఆ చాపల మీద కూర్చున్నాం. ఎప్పుడూ మాటలతో నిండి ఉన్న ఇల్లు అది. "ఇంత సప్పుడు లేకుంట ఉంటదని నాకు తెల్వది" అందామె కాసేపటికి. నాకు ఆమె మీద ఇంకా కోపం ఉంది. అయినా రెండో గ్లాసు కూడా తాగాను.

ఒకరోజు నాతో పాటు ఎర్రగడ్డ వస్తానంది. వద్దనబోయి ఊరుకున్నాను. అన్నయ్య అప్పటికి కొంత తేరుకున్నాడు. చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. ఆమె వాడి తల మీద చెయ్యి వెయ్యలేదు, కళ్లు మూసుకోలేదు. "నీ కోసం ప్రార్థన చెయ్యాల్నా బిడ్డా, వద్దా?" అని అడిగింది. వాడు ఆలోచించాడు. "గట్టిగా వద్దండీ" అన్నాడు. ఆమె తల వంచుకుని పెదవులు కదలకుండా కూర్చుంది. వాడు ఆమె మొహాన్నే చూస్తున్నాడు. "ఏమడిగారు?" అన్నాడు, ఆమె తల ఎత్తగానే. "అది ఆయనకు నాకు తెల్సు" అంది. వాడు నవ్వాడు. జబ్బు చేసిన తర్వాత వాడు నవ్వగా నేను చూడటం అదే మొదలు.

నోరు మూసుకోవడం ఒకటే ఆమె నేర్చుకున్నదైతే నేనింతగా గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో. ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ నేను విజయమ్మగారిని నానా మాటలూ అన్నాను. భక్తి అంతా బయటికేనని, గుండె లేదని.

"ఆమె ఈడ లేదు గద బిడ్డా."

"నన్ను వెళ్లగొట్టింది ఆంటీ!"

"ఎల్లగొట్టింది. ఆ మాట ఆమె ముందట అను. నేను తోడు వస్త."

అప్పుడే చెప్పులేసుకుంది. అమీర్‌పేట దాకా నడుస్తున్నంతసేపూ ఏమేం అనాలో కూడబలుక్కున్నాను. విజయమ్మగారి ఎదుట నిలబడ్డాక, తరుగుతూ అన్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "మీరు నన్ను పొమ్మన్నప్పుడు నాకు వెళ్లే చోటు లేదండీ. చాలా భయమేసింది" అన్నాను. ఆవిడ తల దించుకుంది. "నాకూ భయమేసిందమ్మా. నిన్నడగాల్సింది. అడక్కుండా పొమ్మన్నాను" అంది. మేము స్నేహితులమేమీ కాలేదు. కానీ ఆ తర్వాత ఆమె గురించి వెనకాల అనడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

అన్నయ్య ఇంటికి వెళ్లాడు. మందులు వేసుకుంటూ ఊళ్లో జిరాక్సు షాపు చూసుకుంటున్నాడు. నాకు ఉద్యోగం వచ్చినా రూతమ్మగారి రిటైర్మెంటు దాకా ఆ గదిలోనే ఉన్నాను. చర్చిలో ఆమె చివరి బెంచీలో కూర్చునేది. అందరూ వందనాలు చెప్పేవాళ్లు, ఎవరూ పక్కన కూర్చునేవాళ్లు కాదు. ఆమెకి అది బాధే. మనుషులంటే ప్రాణం ఆమెకి. ఒక్కోసారి ఎవరి కబురో నోటి చివరిదాకా వచ్చేది. "మొన్న ఆఫీసుల..." అని మొదలుపెట్టి, "ఏం లేదు తియ్" అని కుక్కర్ వైపు తిరిగేది. ఆ తిరగడంలో ఎంత ఒంటరితనం ఉందో నాకు ఇప్పుడు, ఈ వయసులో అర్థమవుతోంది.

రిటైరై మెదక్ వైపు చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్న రోజున, సామాను ఆటో ట్రాలీకి ఎక్కిస్తుండగా చెప్పాను. "ఆంటీ, మీరు అప్పుడొకటి అడిగారు. క్షమించానండీ."

"ఎప్పుడు?"

"తెలీదండీ. ఎప్పుడో."

"మస్తు లేట్ జేసినవ్ బిడ్డా" అని నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆమె పోయిందన్న కబురు నాకు ఆలస్యంగా చేరింది. నేను వెళ్లేసరికి భూస్థాపన అయిపోయింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. ఆమె చెల్లెలు, "అక్క గురించి నాలుగు మాటలు చెప్పు బిడ్డా" అంది. "నన్ను బాధపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారండీ. నా దగ్గరికి వచ్చి తప్పు నాదని చెప్పింది ఆమె ఒక్కతే" అన్నాను. అంతకంటే చెప్పడానికి ఏమీ తోచలేదు.

ఈ మధ్య ఆఫీసులో ఒకమ్మాయి భోజనాల వేళ నా ఎదురుగా కూర్చుని, డబ్బా మూత తియ్యకుండానే తన కష్టం చెప్పుకుంది. ఆమె ఎవరో, ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఎవరికీ చెప్పకండి మేడం అంది. "చెప్పను. దేవుడికి చెప్పొచ్చా?" అని అడిగాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, కాస్త ఆలోచించి తలూపింది. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, లైటు కూడా వెయ్యకుండా కుర్చీలో కూర్చుని ఆ అమ్మాయి పేరు దేవుడికి చెప్పాను. నాకు మాత్రమే వినపడేంత మెల్లగా.